టెక్ సందేహాలు: చిన్న పవర్ బోటుకు ఏ లంగరు నమ్మదగినది?

ప్రశ్న: నేను చెన్నైలోని నీలాంగరైలో ఉంటాను. మా అన్నదమ్ములం కలిసి 19 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు, దానికి 90 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిను కొనుక్కున్నాం. కోవళం ఎదుట చేపలు పట్టడానికీ, అప్పుడప్పుడు ఎన్నూరు వైపు వెళ్లిరావడానికీ వాడుకుంటున్నాం. బోటుతో పాటు వచ్చిన మడత లంగరు ఇసుకలో నిలవడం లేదు. రాయపురంలో ఒక దుకాణంలో అడిగితే ‘బరువెక్కువ ఉన్నది తీసుకోండి, ఏదైనా ఒకటే’ అన్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే రకరకాల ఆకారాలు, ధరలు కనిపిస్తున్నాయి. దేన్ని చూసి ఎంచుకోవాలి?

జవాబు: ముందుగా ఒక విషయం మనవి చేస్తాను. లంగరును చేపలు పట్టే ప్రశాంతమైన ఉదయాన్ని దృష్టిలో పెట్టుకొని కాక, తీరానికి దగ్గరగా ఇంజిను ఆగిపోయి, గాలి మిమ్మల్ని ఒడ్డువైపు నెడుతున్న రోజును దృష్టిలో పెట్టుకొని కొనండి. కోవళం నుంచి ఎన్నూరు దాకా మన తీరమంతా బాహాటంగా సముద్రానికి ఎదురుగా ఉంటుంది. కెరటాలు ఒడ్డు దగ్గర బలంగా విరుగుతాయి. ఆ విరిగే చోటికి అడ్డంగా కొట్టుకుపోయిన చిన్న బోటు తిరగబడడానికి ఎంతో సేపు పట్టదు. ఇంజిను పనిచేయని ఆ నిమిషాల్లో మీకు మిగిలే బ్రేకు లంగరు ఒక్కటే. అందుచేత దానిని బోటు మీద ఉండవలసిన ఉపకరణాల జాబితాలో ఒకటిగా కాక, లైఫ్ జాకెట్ పక్కన నిలిచే భద్రతా పరికరంగా చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇక బరువు సంగతి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రచురించిన పట్టిక ప్రకారం, 20 అడుగుల బోటు 15 నాట్ల గాలిలో, అంటే గంటకు 28 కిలోమీటర్ల గాలిలో, లంగరును సుమారు 41 కిలోల బలంతో లాగుతుంది. గాలి రెట్టింపై 30 నాట్లకు చేరితే ఆ లాగుడు నాలుగు రెట్లై 163 కిలోలు దాటుతుంది, ఎందుకంటే గాలి తోపుడు వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఇప్పుడు దుకాణంవారి మాట విని 10 కిలోల ఇనుమును కొన్నారనుకోండి. నీటిలో మునిగాక అది తొమ్మిది కిలోలు కూడా తూగదు, దాన్ని ఇసుక మీద ఈడ్వడానికి అంతకంటే తక్కువ బలమే చాలు. అలాంటప్పుడు 163 కిలోల లాగుడుకు దాని బరువు ఎలా అడ్డుపడుతుంది? ఎంత బరువైన దుంగను కట్టి లాగినా పొలంలో నాగటి చాలు పడదు, కర్రు నేలలోకి దిగితేనే పడుతుంది. లంగరు కూడా అంతే. మొన నేలలోకి ఎంత త్వరగా దిగుతుంది, దిగాక ఎంత మట్టిని పట్టుకుంటుంది, గాలి దిక్కు మారితే మళ్లీ దానంతటదే దిగుతుందా అన్న మూడు ప్రశ్నలే దాని విలువను తేలుస్తాయి.

ఈ సంగతిని బాగా అర్థం చేసుకున్నవారిలో ముందువరుసలో ఉన్నవాడు, ద్రవగతి శాస్త్రంలో పేరు మోసిన కేంబ్రిడ్జి భౌతిక శాస్త్రవేత్త జెఫ్రీ ఇంగ్రామ్ టేలర్. నీటి మీద దిగే విమానాలకు బరువైన లంగరు మోయడం కుదరదు కనుక, తక్కువ బరువుతో ఎక్కువ పట్టు ఇచ్చేలా ఆయన 1933లో నాగలి ఆకారపు లంగరును రూపొందించాడు. అదే సీక్యూఆర్ అన్న పేరుతో దశాబ్దాల పాటు పడవల ముక్కుల మీద కనిపించింది. 1940 ప్రాంతంలో రిచర్డ్ డాన్‌ఫోర్త్ అనే అమెరికన్ చేసిన, రెండు పలుచని పొడవైన రెక్కలు మడత కీలు మీద తిరిగే లంగరు, రెండో ప్రపంచ యుద్ధంలో తీరాన సైన్యాన్ని దించే పడవలకు అమరింది. ఒడ్డుకు వచ్చేముందు దానిని వెనుక జారవిడిచి, పని అయ్యాక ఆ తాడును చుట్టుకుంటూ పడవ తనను తాను ఇసుక మీది నుంచి వెనక్కు లాక్కునేది. ఆ తర్వాత 1970లలో చమురు వేదికల అనుభవంతో పీటర్ బ్రూస్ చేసిన పంజా ఆకారం వచ్చింది. 1990లలో ఫ్రాన్స్‌కు చెందిన అలైన్ పొయిరో స్పేడ్ లంగరుతో, 2000ల తొలినాళ్లలో న్యూజిలాండ్‌కు చెందిన పీటర్ స్మిత్ రోక్నా లంగరుతో పార వంటి లోతైన రెక్కను స్థిరపరిచారు. రోక్నా వంటి వాటికి వెనుక ఉండే వంపు కడ్డీ, అంటే రోల్ బార్, లంగరు వెల్లకిలా పడినా దానిని పక్కకు దొర్లించి మొన నేలను తాకేలా చేస్తుంది.

మీ మడత లంగరు, అంటే నాలుగు చిన్న కొక్కేలు గొడుగులా విప్పుకునేది, ఇసుకలో నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు. దాని కొక్కేలకు మట్టిని పట్టుకునే వెడల్పు లేదు. అది రాళ్ల సందుల్లో చిక్కుకొని పనిచేసేది. కయాక్‌కు చాలు, మీ బోటుకు చాలదు.

మన తీరానికి నేను సూచించేది, రోల్ బార్ ఉన్న లోతురెక్క లంగరును ప్రధానంగా పెట్టుకోమని. దానికి కారణం ఇక్కడి గాలే. ఎండాకాలం నెలల్లో తెల్లవారుజామున నేలమీది నుంచి పడమటి గాలి వీస్తుంది, మధ్యాహ్నానికి సముద్రం నుంచి తూర్పు, ఆగ్నేయ గాలి లేస్తుంది. ఉదయం ఆరింటికి లంగరు వేసి పన్నెండు దాకా అక్కడే ఉంటే, బోటు పూర్తిగా ఎదురు దిక్కుకు తిరుగుతుంది. అప్పుడు లంగరు నేలలోంచి ఊడి, తిరిగి, మళ్లీ దిగాలి. డాన్‌ఫోర్త్ రకం ఒకే దిక్కు లాగుడులో, ముఖ్యంగా ఇసుకలోనూ బురదలోనూ, తన బరువుకు మించిన అద్భుతమైన పట్టునిస్తుంది. అయితే దిక్కు తిరిగినప్పుడు దాని రెక్కకు గొలుసు చుట్టుకోవడం, కీలులో గవ్వ ముక్కో రాయో ఇరుక్కొని రెక్క రెండో వైపుకు తిరగకపోవడం జరుగుతాయి. మనుషులు గమనించని సమయంలోనే ఇవి జరుగుతాయి కనుక, ఆ రకాన్ని రెండో లంగరుగా ఉంచుకోవడం మేలు. అల్యూమినియం డాన్‌ఫోర్త్ రకమైన ఫోర్ట్రెస్ ఎఫ్‌ఎక్స్-7 బరువు 1.8 కిలోలే, దానిని తయారీదారు 16 నుంచి 27 అడుగుల బోట్లకు సూచిస్తారు. విడదీసి సంచిలో పెట్టుకోవచ్చు కనుక రెండో లంగరుకు అది చక్కగా సరిపోతుంది. నాగలి, పంజా ఆకారాలు చెడ్డవి కావు, కానీ సమాన బరువులో కొత్త రకాలతో పోలిస్తే వాటి పట్టు తక్కువ. మీ బోటుకు రోల్ బార్ రకంలో 6 నుంచి 8 కిలోల మధ్య ఉన్నది తీసుకోండి. తయారీదారు పట్టికలో మీ బోటు రెండు కొలతల మధ్య పడితే పెద్ద కొలతనే ఎంచుకోండి.

దుకాణంలో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. లంగరు కాడ, అంటే గొలుసు తగిలించే పొడవాటి చేయి, పక్కకు లాగినప్పుడు వంగనిదై ఉండాలి. పేరున్న ఆకారాన్ని చూసి మెత్తని ఉక్కుతో చేసిన నకళ్లు ఇక్కడే దొరికిపోతాయి. కాడకు, రెక్కకు మధ్య అతుకు ఎక్కడా తెగకుండా నిండుగా వెల్డింగ్ అయి ఉండాలి. లాయిడ్స్ రిజిస్టర్ వంటి నౌకల వర్గీకరణ సంస్థలు పరీక్షించి ఇచ్చే ‘హై హోల్డింగ్ పవర్’, అంటే ఎక్కువ పట్టు, అంతకు మించిన ‘సూపర్ హై హోల్డింగ్ పవర్’ అన్న శ్రేణి పత్రం ఆ నమూనాకు ఉందేమో అడగండి. స్టెయిన్‌లెస్ స్టీలు మెరుపు కోసం అదనపు డబ్బు పెట్టనవసరం లేదు. వేడి జింకులో ముంచిన గాల్వనైజ్డ్ ఉక్కు ఉప్పునీటికి చాలు, మిగిలిన డబ్బు గొలుసుకు, తాడుకు పెట్టండి.

నిజానికి చిన్న బోట్ల లంగర్లు జారిపోవడానికి లంగరుకంటే తాడే ఎక్కువసార్లు కారణమవుతుంది. లాగుడు నేలకు సమాంతరంగా ఉన్నంతసేపే మొన లోపలికి దిగుతుంది, పైకి లేచేకొద్దీ ఊడుతుంది. తాడు పొడవును లోతుతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని స్కోప్ అంటారు. తాడు బిగిసినప్పుడు, 3 రెట్ల స్కోప్‌లో అది నేలతో సుమారు 19 డిగ్రీల కోణం చేస్తుంది, 7 రెట్లలో 8 డిగ్రీలే. ఇక్కడ లోతు అంటే ఫిష్ ఫైండర్, అంటే ధ్వనిని పంపి లోతునూ చేపలనూ చూపే పరికరం, చూపే అంకె మాత్రమే కాదు. కోవళం ఎదుట 8 మీటర్ల లోతులో ఉన్నారనుకుంటే, నీటి మీది నుంచి బోటు ముక్కు ఎత్తు ఒక మీటరు, పోటుకు ఇంకో మీటరు కలపండి. 10 మీటర్లయింది, దానికి 7 రెట్లు 70 మీటర్లు. పగటిపూట మనుషులు మెలకువగా ఉండి, గాలి మెల్లగా ఉన్నప్పుడు 5 రెట్లతో సరిపెట్టుకోవచ్చు. గాలి పెరిగితే తాడు వదలడానికి చోటుండాలి. అందుకని 100 మీటర్ల తాడు కొనండి.

ఆ తాడు నైలాన్ అయి ఉండాలి, మూడు పేటలది, 12 మిల్లీమీటర్లది. అది సాగుతుంది కనుక కెరటం కుదుపు లంగరుకు చేరకముందే మింగేస్తుంది. వలల దుకాణాల్లో చవకగా దొరికే నీలిరంగు, ఆకుపచ్చరంగు పాలీప్రొపిలీన్ తాడును దయచేసి ఇందుకు వాడకండి. అది నీటిపై తేలుతుంది, ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది, ఎండకు పెళుసుబారుతుంది. తాడుకు, లంగరుకు మధ్య 8 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ గొలుసు 5, 6 మీటర్లు ఉంటే దాని బరువు ఎనిమిది కిలోల దాకా ఉంటుంది. అది లాగుడును నేలకు దగ్గరగా ఉంచుతుంది, రాళ్ల మీద రాపిడిని తాడుకు బదులు తాను భరిస్తుంది. తాడు చివర థింబుల్, అంటే తాడు ఉచ్చు అరగకుండా కాపాడే లోహపు వలయం, వేయించి షాకిల్‌తో, అంటే పిన్నుతో మూసే యు ఆకారపు కొక్కెంతో, గొలుసుకు కలపండి. షాకిల్ పిన్ను విప్పుకోకుండా సన్నని తీగతో కట్టేయండి. తాడు రెండో కొసను బోటుకే కట్టి ఉంచడం మరవకండి.

వేసే పద్ధతి కూడా లంగరులో భాగమే. గాలికి ఎదురుగా నిలిచి, లంగరును విసరకుండా దించండి. గాలికి బోటు వెనక్కు జరుగుతుండగా తాడు వదులుతూ, కావలసినంత వదిలాక ముక్కు దగ్గరి కొయ్యకు కట్టి, ఇంజినును రివర్స్‌లో నెమ్మదిగా పెంచండి. ఒడ్డు మీద ఒకదాని వెనుక ఒకటి ఉన్న రెండు గుర్తులు, ఒక కొబ్బరి చెట్టు, దాని వెనుక మేడ, వరుస తప్పకుండా నిలిస్తే లంగరు పట్టినట్టు. ఎప్పుడూ, ఎంత తొందరలోనైనా, లంగరు తాడును బోటు వెనుక భాగానికి కట్టకండి. ఔట్‌బోర్డ్ బరువుతో ఆ భాగం ముందే కిందికి ఉంటుంది. కెరటం వెనుక నుంచి ఎక్కితే బోటు నిమిషాల్లో నిండిపోతుంది. ముక్కు దగ్గరి కొయ్యకు కింద వెడల్పాటి పలక వేసి బోల్టులు బిగించారో, స్క్రూలతో సరిపెట్టారో కూడా ఒకసారి పరిశీలించండి. పైన చెప్పిన 163 కిలోలు వచ్చి పడేది దాని మీదే.

ప్రశ్న: ఫోనులో లంగరు అలారం యాప్ పెట్టుకొని నిద్రపోవచ్చా? నెట్‌వర్క్ లేనిచోట పనిచేస్తుందా? (షోళింగనల్లూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈ యాప్ లంగరు చుట్టూ ఒక వృత్తం గీసుకొని, బోటు దాన్ని దాటితే మోగుతుంది. స్థానాన్ని ఉపగ్రహాల నుంచే లెక్కిస్తుంది కనుక, మొబైల్ సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. పొరపాటు ఎక్కువగా జరిగేది వృత్తం గీయడంలో. లంగరు నేలను తాకిన క్షణంలో, బోటు ముక్కు దాని పైన ఉన్నప్పుడు, ‘సెట్’ నొక్కాలి. తాడంతా వదిలి, బోటు వెనక్కు వచ్చేశాక నొక్కితే కేంద్రం 70 మీటర్లు తప్పుతుంది. గాలి తిరగ్గానే లంగరు జారకపోయినా అలారం మోగుతుంది, విసిగిన మనిషి దానిని ఆపేసి పడుకుంటాడు. వ్యాసార్థానికి తాడు పొడవు 70 మీటర్లు, బోటు పొడవు 6 మీటర్లు, ఫోను స్థానంలో ఉండే 5 మీటర్ల అటూ ఇటూ కలిపి దాదాపు 80 పెట్టండి. ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు పౌనఃపున్యాల సంకేతాలనూ అందుకునే ఫోను అయితే స్థానం మరింత నిలకడగా ఉంటుంది.

రెండో పొరపాటు బ్యాటరీ పొదుపుది. ఆండ్రాయిడ్‌లో తెర ఆరిన కాసేపటికి వెనుక నడిచే యాప్‌లను ఆపేసే ఏర్పాటు ఉంటుంది. ఆ యాప్‌కు బ్యాటరీ వాడకం ‘అన్‌రిస్ట్రిక్టెడ్’గా, లొకేషన్ అనుమతి ‘ఆల్ ది టైమ్’గా పెట్టండి. ఐఫోనులో ‘ఆల్వేస్’, దానితో పాటు ‘ప్రిసైజ్ లొకేషన్’ ఉండాలి. ఫోనును చార్జరుకు తగిలించి ఉంచండి. తెర మీది జాడను చదవడం కూడా నేర్చుకోండి. లంగరు పట్టి ఉన్న బోటు చంద్రవంకలా అటూ ఇటూ ఊగుతూ అదే దారిని పదే పదే గీస్తుంది. జారుతున్న బోటు జాడ గాలి పోయే దిక్కున ఒకే పక్కకు సాగిపోతుంది. ఇవన్నీ సరిగ్గా చేసినా, ముగ్గురుంటే ఒకరు వంతులవారీగా మేలుకోవాలన్నదే నా అభిప్రాయం. అలారం లంగరు జారిందని చెబుతుంది గాని, జారకుండా ఆపలేదు.

ప్రశ్న: ఫిష్ ఫైండర్ చూసి కింద ఇసుకో బురదో రాయో తెలుసుకోవచ్చా?

జవాబు: కొంతవరకు తెలుస్తుంది. గట్టి నేల ధ్వనిని బలంగా తిప్పి పంపుతుంది కనుక, అడుగు గీత కింద రెండింతల లోతులో రెండో ప్రతిధ్వని గీత కనిపిస్తుంది. మెత్తటి బురదలో మొదటి గీత దళసరిగా, మసకగా ఉండి రెండోది కనిపించదు. అయితే గట్టి ఇసుకకు, చదునైన రాతికి తేడా చెప్పడం కష్టం. అందుకు నావికుల పాత పద్ధతే నమ్మకమైనది: సీసపు గుండు అడుగున గుంటలో గ్రీజు పూసి దించితే అడుగున ఉన్నది దానికి అంటుకొని వస్తుంది. అంతటా చదునుగా ఉండి ఒక్కసారిగా గుట్ట కనిపిస్తే, అది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ చేపల కోసం దించిన కృత్రిమ దిబ్బ కావచ్చు. అక్కడ లంగరు వేస్తే లంగరూ పోతుంది, దిబ్బకూ నష్టం. మరొక మాట, ఫిష్ ఫైండర్ లోతును ట్రాన్స్‌డ్యూసర్ నుంచి, అంటే నీటిలో మునిగి ధ్వనిని పంపి అందుకునే భాగం నుంచి, కొలుస్తుంది గాని నీటిమట్టం నుంచి కాదు. మీ ట్రాన్స్‌డ్యూసర్ నీటిలో 40 సెంటీమీటర్లు మునిగి ఉంటే, సెట్టింగుల్లో ఆఫ్‌సెట్ దగ్గర ఆ అంకెను చేర్చుకున్న తర్వాతే తాడు లెక్క వేయండి.