అక్కది చేతులు కడిగే జబ్బు, మరి నాదేంటి?

ప్రశ్న: మా పాపకి ఐదో నెల. కాన్పయిన మూడు వారాల నుంచి నాకు ఒక ఆలోచన వస్తోంది, రాయాలంటేనే చేయి వణుకుతోంది. కూరగాయలు తరుగుతుంటే ఇదే కత్తితో పాపని ఏమన్నా చేసేస్తానేమో అనిపిస్తుంది. కత్తిపీట అటక మీద పెట్టించేశాను. నీళ్లలో ముంచేస్తానేమో అన్న భయంతో పాపకి నీళ్లు పోయడం మొత్తం అత్తయ్యకే వదిలేశాను. రోజుకి పదిసార్లు మా ఆయన్ని "నేను పాపని ఏమీ చెయ్యను కదా?" అని అడుగుతాను. అత్తయ్యేమో బాలింతకి గాలి సోకిందంటున్నారు. మా అక్కకి ఓసీడీ ఉంది, చేతుల తోలు ఊడిపోయేలా కడుగుతుంది, మందులు వాడుతోంది. నాకు ఆ శుభ్రం గోల లేదు. అంటే నాది జబ్బు కాదు, నేనే చెడ్డదాన్ని అనుకోవాలా?
- ఒక తల్లి, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, మీరు చెడ్డవారు కాదు. ఈ మాట ఒక్కసారే చెబుతాను, మళ్లీ చెప్పను, ఎందుకో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది.

ఉత్తరం చూసి జబ్బు ఖాయం చెయ్యకూడదు, ఆ పని మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని డాక్టర్ చెయ్యాలి. కానీ మీరు రాసిన తీరంతా ఓసీడీకి చాలా దగ్గరగా ఉంది. వద్దన్నా ఒక భయం మళ్లీ మళ్లీ రావడం, అది నెమ్మదించడానికి ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం, ఇదీ ఓసీడీ. ఓసీడీ అంటే చేతులు కడగడమే అని మనవాళ్లకి పాతుకుపోయింది. అలమర నీట్‌గా సర్దుకునేవాళ్లు కూడా "నాకు కొంచెం ఓసీడీ ఉందండీ" అని తేలిగ్గా అనేస్తుంటారు, ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే మీలాంటి తల్లులు ఆ బొమ్మలో తాము కనిపించక, తమకున్నది జబ్బని తెలియక నెలల తరబడి లోపల్లోపలే కుమిలిపోతారు.

నిజానికి భయం ఒక్కొక్కరికి ఒక్కో వేషంలో వస్తుంది. ఒకరికి మైల, క్రిములు (మన ఇళ్లలో దీన్ని మడి అనో చాదస్తం అనో అనుకుని ఏళ్ల పాటు పట్టించుకోరు). ఇంకొకరికి గ్యాస్ కట్టేశానా, తాళం వేశానా అని. బండి మీద వెళ్తూ గుంతలో చక్రం పడితే ఎవరినో గుద్దేశానేమోనని వెనక్కి తిరిగి అదే రోడ్డు నాలుగుసార్లు చూసి వచ్చేవాళ్లున్నారు. కొందరికి కీడు భయమేమీ ఉండదు, చెప్పు విడిచిన తీరు 'సరిగ్గా' అనిపించేదాకా అక్కడి నుంచి కదల్లేరు, అంతే. ఒకే మనిషికి చిన్నప్పుడొక భయం, పెద్దయ్యాక మరో భయం కూడా ఉండొచ్చు. పైగా ఒకరి భయం ఇంకొకరికి అర్థం కాదు. మీ అక్కకి కత్తిపీట అంటే లెక్కే ఉండదు, మీరు బస్సులో కమ్మీ పట్టుకుని వచ్చి అన్నం కలుపుకోగలరు. అందుకే పక్కవాళ్లతో పోల్చుకుని నాది అది కాదు అని తేల్చేయకండి.

చాలాసార్లు ఇది మనకి ఏది ప్రాణమో దాన్నే పట్టుకుంటుంది. భక్తి ఉన్నవాడికి దేవుడి మీద, పసిబిడ్డ తల్లికి బిడ్డ మీద. అసలు ఇలాంటి పిచ్చి ఆలోచనలు జబ్బు లేనివాళ్లకీ వస్తాయి. లండన్‌లో రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు సైకాలజిస్టులు మామూలు మనుషుల్ని అడిగి చూస్తే ఎక్కువ మంది వస్తాయనే చెప్పారు, 1978లోనే ఆ సంగతి ప్రచురించారు. కెనడాలో కొత్త తల్లుల్ని అడిగితే దాదాపు సగం మంది, కావాలనే బిడ్డకి హాని చేస్తున్నట్టు ఆలోచనలు వచ్చాయని ఒప్పుకున్నారు, అది 2008లో వచ్చింది. వాళ్లలో చాలామంది 'ఛీ, ఇదేం ఆలోచన' అనుకుని డైపర్ మార్చే పనిలో పడతారు. ఓసీడీ ఉన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. వచ్చిందంటే దానికి అర్థం ఉండి తీరాలి, జరగదని నూటికి నూరు శాతం తేలాలి అని కూర్చుంటారు, అదెప్పటికీ తేలదు.

ఇక మీకూ మీ అక్కకీ ఉన్న పోలిక చూడండి. ఆవిడకి భయం, కుళాయి తిప్పితే కాసేపు నెమ్మది, మళ్లీ భయం. మీకు భయం, ఆయన్ని అడిగితే కాసేపు నెమ్మది, మళ్లీ భయం. మీ కుళాయి మీ ఆయన! అటకెక్కిన కత్తిపీట, అత్తయ్యకి వదిలేసిన స్నానం కూడా ఆ కుళాయిలే. నెమ్మదించిన ప్రతిసారీ మెదడు 'చూశావా, నిజంగానే ప్రమాదం ఉండబట్టే తప్పించుకున్నాం' అని నేర్చుకుంటుంది, మర్నాడు ఇంకాస్త గట్టిగా అడుగుతుంది. ఆ మాట మళ్లీ చెప్పనన్నది అందుకే.

వైద్యం కూడా ఇద్దరిదీ ఒకటే దారి, మెట్లు వేరు. భయాన్ని కొంచెం కొంచెంగా ఎదురుగా రానిచ్చి, నెమ్మది కోసం చేసే పనిని ఆపడం. మీ అక్క తలుపు గొళ్లెం ముట్టుకుని కడగకుండా ఉండాలి. మీరు బహుశా ముందు కత్తిపీట కిందికి దింపించి వంటింట్లో ఉంచడం, తర్వాత పాప ఉయ్యాల్లో ఉండగా పక్కనే బెండకాయలు తరగడం, ఆ తర్వాత అత్తయ్య పక్కన ఉండగా మీరే కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోయడం, ఇవన్నీ ఆయన్ని అడక్కుండా. ఇది సైకాలజిస్టు దగ్గర ఉండి చేయించాలి, డాక్టర్ని కలవక ముందే సొంతంగా మొదలుపెట్టకండి. మందులు కూడా పనిచేస్తాయి, కానీ ఓసీడీలో గుణం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు, రెండు వారాలకే ఆపేయకండి. పాలిస్తున్నానని డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, మీ అక్క బిళ్లలు మాత్రం తెచ్చుకుని వేసుకోవద్దు.

మీ ఆయనకి ఒక మాట. బాబూ, ఆమె అడిగినప్పుడు కసురుకోవద్దు, ఒట్లు కూడా వేయొద్దు. "భయంగా ఉందని తెలుసు, నీ పక్కనే ఉన్నాను, జవాబు మాత్రం చెప్పను" అనండి. డాక్టర్‌తో మాట్లాడాకే ఇది మొదలుపెట్టండి.

ఇంకొకటి ఇంట్లో అందరూ గుర్తుపెట్టుకోవాలి. మీరు ఆలోచనకి వణికిపోతున్నారు, అది ఓసీడీ తీరు. అలా కాకుండా చెవిలో ఎవరో చెబుతున్నట్టు వినపడినా, బిడ్డలో ఏదో చెడు ఉంది, అలా చేయడమే మంచిదని నమ్మకం కలిగినా, నిద్ర లేకపోయినా అలసట తెలియనంత హుషారుగా ఉన్నా, చనిపోవాలనిపించినా అది వేరే సంగతి. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా అదే రోజు తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: గుళ్లో ప్రదక్షిణలు చేస్తుంటే దేవుడి మీద బూతులు మెదులుతున్నాయి. మొదటి నుంచి మళ్లీ మొదలుపెడతాను, పదకొండు చేయడానికి రెండు గంటలు పడుతోంది. పాపం తగులుతుందా?
- డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: తమ్ముడూ, పైన ఆ అమ్మకి రాసిందంతా నీకూ వర్తిస్తుంది, కత్తిపీట ఉన్నచోట ప్రదక్షిణ పెట్టుకుని చదువు. పాపమా కాదా అన్నదానికి నేను జవాబిస్తే రేపు పూజారిని అడుగుతావు, ఎల్లుండి మళ్లీ నన్ను. మెదిలినా సరే లెక్క వెనక్కి తిప్పకుండా పదకొండూ పూర్తిచేసి ఇంటికి రావడం నువ్వు నేర్చుకోవాల్సిన పని. అది కష్టమని నాకు తెలుసు, అందుకే ఒక్కడివే చెయ్యొద్దు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్యి, అది మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, టెలీ మానస్ అంటారు, ఉచితం, రాత్రిళ్లు కూడా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్‌లో ఆ బూతులు ఏంటో విడమరచి చెప్పక్కర్లేదు, "దేవుడి గురించి వద్దన్నా ఆలోచనలు వస్తున్నాయి" అంటే చాలు, వాళ్లకి అర్థమవుతుంది.