చనుమొన కింద గడ్డ, కీళ్ల నొప్పులు: అనాస్ట్రజోల్ మోతాదు పెంచవచ్చా?

కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుండగా చనుమొన కింద గడ్డ వచ్చిందనీ, రోజూ 1 మిల్లీగ్రాము అనాస్ట్రజోల్ వేసుకున్నా అది తగ్గకపోగా మోకాళ్లు, మోచేతులు పట్టేస్తున్నాయనీ, మోతాదు పెంచవచ్చా అనీ అడిగారు.

పెంచవద్దు. అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది; ఇలాంటి గడ్డకు సాధారణంగా అదే కారణం. అనాస్ట్రజోల్ ఆ మార్పును అడ్డుకుంటుందే గాని, అప్పటికే ఏర్పడిన గడ్డపై దాని ప్రభావం అంతంతమాత్రమే. కీళ్ల నొప్పి ఈ మందుకు బాగా తెలిసిన దుష్ప్రభావం. ఈస్ట్రోజెన్ ఆడవారి హార్మోన్ మాత్రమేనని జిమ్‌లలో చెప్పుకుంటారు గాని, ఎముకల బలానికీ లైంగికాసక్తికీ మగవారికీ అది కావాలి.

గడ్డ కొత్తగా ఏర్పడి, ముట్టుకుంటే నొప్పిగా ఉన్న దశలో వైద్యులు కొన్నిసార్లు రొమ్ముపై ఈస్ట్రోజెన్ పనిచేయకుండా అడ్డుకునే టామాక్సిఫెన్ ఇస్తారు. అయితే దానివల్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది కనుక సొంతంగా మొదలుపెట్టకండి. ఏడాది దాటి గట్టిపడితే సాధారణంగా శస్త్రచికిత్సే దారి.

ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల వైద్య నిపుణుణ్ని) కలిసి, ఇంజెక్షన్ల సంగతి దాచకుండా చెప్పి, ఎస్ట్రడయోల్ (ప్రధాన ఈస్ట్రోజెన్) రక్తపరీక్ష చేయించుకోండి. గడ్డ ఒకవైపే ఉండి రాయిలా గట్టిగా ఉన్నా, చనుమొన నుంచి స్రావం వస్తున్నా ఆలస్యం చేయవద్దు. పోటీల్లో పాల్గొనేవారైతే, ఇంజెక్షన్లతో పాటు ఈ రెండు మందులూ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితాలో, పోటీలు లేని రోజులకూ వర్తించేలా ఉన్నాయి.