పెళ్లి కానుకగా ఇచ్చిన సంగీత గ్రంథంలో చావు పాట ఎందుకుంది?

మీరు అడుగుతున్నది మెదిచి కోడెక్స్ అనే చేతిరాత సంగీత గ్రంథం గురించి. 1518లో పోప్ పదో లియో ఇంటి పెళ్లికి కానుకగా వెళ్లిందని చెప్పే ఆ గ్రంథంలో శోకగీతం ఉన్నమాట నిజమేనా, దంపతులిద్దరూ ఏడాదికే పోవడానికి అదే శకునమా అని కదా మీ ప్రశ్న. పాట ఉన్నమాట నిజం. శకునం మాట మాత్రం ఒప్పుకోను. ఉద్యోగం కోసం జర్మనీలో ఉన్న రోజుల్లో ఒక క్వయర్‌లో (బృందగానంలో) టెనార్‌గా, అంటే మగవాళ్ల పై గొంతుగా, ఆ పాట పాడాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పెళ్లికొడుకు లొరెంజో, ఉర్బీనో డ్యూక్. మాకియవెల్లి తన రాజనీతి గ్రంథం ‘ప్రిన్స్’ అంకితం ఇచ్చింది ఇతనికే. ‘మహానుభావుడు’ అని పేరుపడ్డ లొరెంజో ఇతని తాతగారు, ఇద్దరినీ ఒకరనుకోకండి. పోప్ లియో ఇతనికి సొంత బాబాయి, ఇద్దరిదీ ఫ్లోరెన్స్‌లోని మెదిచి వంశం. పెళ్లికూతురు మదలేన్‌కు తల్లి వైపు నుంచి ఫ్రెంచ్ రాజవంశంతో చుట్టరికం. అంటే ఇది పోప్‌కీ ఫ్రాన్స్ రాజుకీ మధ్య కుదిరిన వియ్యం. లియో సంగీతమంటే ప్రాణం పెట్టేవాడు, తనే స్వరరచన చేసేవాడు. అలాంటివాడి ఇంటి నుంచి వచ్చే కానుక ఎలా ఉండాలో అలాగే ఉంది: మెదిచి వంశ చిహ్నాలతో, రంగుల అలంకరణతో, 53 మోటెట్లతో (అంటే పలు గొంతులు కలిసి పాడే, ఎక్కువగా లాటిన్ భక్తి పాటలతో). జోస్కాన్, మూటోన్, విల్లార్ట్, ఫెస్టా లాంటి ఆనాటి పెద్ద స్వరకర్తలందరూ అందులో ఉన్నారు.

ఇక ఆ పాట. ఒకెగెమ్ అనే గొప్ప స్వరకర్త 1497లో చనిపోతే మోలినే అనే కవి ఫ్రెంచ్‌లో విలాపం రాశాడు, జోస్కాన్ దాన్ని ఐదు గొంతులకు కట్టాడు. ‘నెంఫ్ దె బ్వా’ దాని పేరు. ఆ రోజుల్లో పెద్ద కాలప్రమాణం గల స్వరాలను లోపల ఖాళీగా, తెల్లగా రాసేవారు. ఈ పాటలో మాత్రం స్వరాలన్నీ నల్లగా నింపేశారు. కవి జోస్కాన్‌నీ, అతని తోటి స్వరకర్తలు ముగ్గురినీ పేరుపెట్టి పిలిచి, మీ మంచి తండ్రి పోయాడు, శోకవస్త్రాలు కట్టుకోండి అంటాడు. రాసినవాళ్లు ఆ వస్త్రాలు స్వరాలకే కట్టేశారు. వినేవాడికి ఇది తెలియదు. పుస్తకం ముందు నిలబడి పాడేవాడి కంటికి మాత్రమే కనిపిస్తుంది.

మిగతా నలుగురూ ఫ్రెంచ్ కవిత పాడుతుంటే టెనార్ ఒక్కడే లాటిన్‌లో, చర్చిలో చావు పూజకు పాడే ‘రెక్వియెమ్’ పాటను పొడుగాటి స్వరాలతో పట్టుకుంటాడు. గ్రంథంలో అతనికి ఒక సూచన ఉంది: గొడవ లేకుండా ఉండాలంటే అర మెట్టు కిందికి దించి పాడు అని, అదీ ప్రాస కట్టిన రెండు పాదాల్లో! అలా దించేసరికి రాగం మొత్తం మారిపోతుంది. స్వరస్థానాల వరకు చూస్తే మన హనుమతోడి మేళానికి సరిపోతుంది, గమకాలు ఉండవు అంతే. మొదటి రిహార్సల్స్‌లో నాకు చాలా టెన్షన్‌గా ఉండేది, ఎందుకంటే పక్కవాళ్ల వరస చెవిలో పడుతుంటే మన వరస మీద నిలవడం తేలిక కాదు. రెండో భాగంలో, సరిగ్గా ఆ శోకవస్త్రాల మాట దగ్గర, టెనార్ ఆగిపోతాడు. మిగతా నాలుగు గొంతులూ మెట్లు దిగుతున్నట్టు కిందికి జారుతూ ఆ నలుగురి పేర్లూ చెబుతాయి. ఊరికే నిలబడి వినడం నా వంతు అయ్యేది. పుస్తకం మొత్తానికి నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

ఇలాంటి పాటను పెళ్లి పుస్తకంలో పెట్టారంటే నాకు తోచే కారణం ఒక్కటే. అది ఆ దంపతుల కోసం కట్టిన శుభలేఖ కాదు, అప్పటి సంగీతంలో మేలైనదంతా ఏరి కూర్చిన ఖజానా. అందులో జోస్కాన్ తన గురుతుల్యుడి మీద కట్టిన పాట లేకపోతేనే లోటు. ఇక మరణాల సంగతి: 1519 ఏప్రిల్ 13న కూతురు పుట్టింది, ఏప్రిల్ 28న మదలేన్, మే 4న లొరెంజో పోయారు. బాలింతగా ఉండగానే ఆమె, అంతకుముందు నుంచీ జబ్బుతో ఉండి అతను. ఆ పసిబిడ్డే తర్వాత ఫ్రాన్స్ రాణి అయిన కేథరీన్ దె మెదిచి, ముగ్గురు రాజుల తల్లి. గ్రంథాన్ని అపశకునం అన్నవాళ్లు ఆమె సంగతేమంటారు?

మూలప్రతి ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని లారెన్షియన్ లైబ్రరీలో ఉంది. దాని నంబరు 666, క్రైస్తవులు సైతాను అంకెగా భావించేది. అది చూసి కూడా కథలల్లేవాళ్లున్నారు గానీ అది లైబ్రరీకి పుస్తకాలు చేరిన వరుసలో పడ్డ అంకె మాత్రమే. 1968లో సంగీత పరిశోధకుడు ఎడ్వర్డ్ లొవిన్‌స్కీ దీన్ని మూడు సంపుటాలుగా అచ్చువేశాడు, ఒకదాంట్లో పుటల ఫొటోలే ఉంటాయి. గ్రంథం ఫ్రాన్స్‌లో తయారైందని ఆయన వాదించాడు, తర్వాతివారు రోమ్ అని గట్టిగా చెప్పారు. నాకూ రోమే సబబుగా అనిపిస్తుంది.

యూట్యూబ్‌లో పాట దొరుకుతుంది. మొదటిసారి పై గొంతులను వదిలేసి, మధ్యలో నిదానంగా కదిలే ఆ లాటిన్ వరస కోసం వెతకండి. అది చెవికి చిక్కాక రెండోసారి మొత్తం వినండి.