ఇంట్లో చేసిన మామిడి పుల్ల ఐస్ రాయిలా ఎందుకు గట్టిపడుతుంది?

ఇంట్లో మామిడి రసంతో పుల్ల ఐస్ చేస్తే కొరకలేనంత గట్టిగా, చప్పగా వస్తోందని అడిగారు కదా, కారణం నీళ్లు ఎక్కువ, పంచదార తక్కువ. పంచదార కలిసిన నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర పూర్తిగా గడ్డకట్టవు, అందుకే ఫ్రీజర్ మైనస్ 18లో ఉన్నా కొంత భాగం చిక్కటి పాకంలా మిగిలిపోయి ఐస్‌ని మెత్తగా ఉంచుతుంది. పైగా చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి, కలిపేటప్పుడు రుచి చూస్తే కాస్త ఎక్కువైందే అనిపించాలి.

నేనైతే 2 కప్పుల బంగినపల్లి గుజ్జుకి 3 చెంచాల పంచదార, అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి, నీళ్లు అస్సలు పోయకుండా మిక్సీ పడతాను. రసాలు రకం మామిడైతే పీచు ఉంటుంది, వడకట్టాల్సిందే. మామిడికి బదులు పుచ్చకాయతో చేస్తే, అందులో 90 శాతం పైగా నీళ్లే, దానికి సగం అరటిపండు కలపండి, చాలా తేడా వస్తుంది.

స్టీలు గ్లాసుల్లో పోసి పైన అర అంగుళం వదిలేయండి, గడ్డకడితే ఉబ్బుతుంది. కాస్త గట్టిపడ్డాక పుల్ల గుచ్చితే నిటారుగా నిలబడుతుంది. తీసేటప్పుడు మాత్రం లాగొద్దు, గ్లాసును కుళాయి కింద 10 సెకన్లు తిప్పితే అంచు చుట్టూ సన్నగా కరిగి, జారి చేతిలోకి వచ్చేస్తుంది.