కొత్త ల్యాప్‌టాప్‌లు నెట్‌వర్క్ నుంచి బూట్ కావడం లేదా?

ప్రశ్న: మా ఆఫీసులో విండోస్ ఇమేజ్ (సిద్ధం చేసి ఉంచిన డిస్క్ నకలు) వేయడానికి ఫాగ్ సర్వర్ (ఆ ఇమేజ్‌ను నెట్‌వర్క్ ద్వారా పంపే సాఫ్ట్‌వేర్) వాడుతున్నాం. పాత డెస్క్‌టాప్‌లకు ఇప్పటికీ ఇబ్బంది లేదు. కొత్తగా ఇరవై ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. వాటికి ల్యాన్ పోర్టు లేకపోవడంతో యూఎస్‌బీ-సీ అడాప్టర్ తగిలించాం. కింది అంతస్తులో పెడితే బూట్ ఫైలు డౌన్‌లోడ్ అయిందని చూపించి మళ్లీ బూట్ మెనూకే వస్తోంది. పై అంతస్తులో ‘స్టార్ట్ పీఎక్స్ఈ ఓవర్ ఐపీవీ4’ (పీఎక్స్ఈ అంటే నెట్‌వర్క్ బూట్) దగ్గరే ఆగిపోతోంది. సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: సర్వర్ జోలికి వెళ్లకండి. డెస్క్‌టాప్‌లు దాని నుంచే బూట్ అవుతున్నాయంటే అది బాగానే ఉంది. మీకు ఎదురైనవి రెండు వేర్వేరు సమస్యలు. నెట్‌వర్క్ బూట్‌లో యంత్రం ముందు డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే సేవ) నుంచి ఐపీ చిరునామా తీసుకుంటుంది. ఆపైన టీఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే సాదా పద్ధతి) ద్వారా చిన్న బూట్ ఫైలు తెచ్చుకుని దాన్ని నడుపుతుంది. ఎక్కడ ఆగిందో తెరే చెబుతుంది.

కింది అంతస్తులో ఫైలు దిగింది కాబట్టి కేబుల్, స్విచ్, సర్వర్ అన్నీ సరిగానే ఉన్నాయి. ఆ ఫైలే నడవలేదు. పాత డెస్క్‌టాప్‌లు బయోస్ (యంత్రాన్ని ప్రారంభించే పాత తరహా అంతర్గత సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్) పద్ధతిలో ‘అండీఓన్లీ.కేపీఎక్స్ఈ’ తీసుకుంటాయి. మీ ల్యాప్‌టాప్‌లు యూఈఎఫ్ఐవి (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త తరహా), వాటికి ‘ఈఎఫ్ఐ’తో ముగిసే ఫైలు కావాలి. యూఎస్‌బీ అడాప్టర్ ఉన్నప్పుడు నేనైతే ముందు ‘ఎస్‌ఎన్‌పీఓన్లీ.ఈఎఫ్ఐ’ ప్రయత్నిస్తాను, ఎందుకంటే అది ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌లో ఉన్న డ్రైవర్‌నే వాడుకుంటుంది. డీహెచ్‌సీపీ ఆప్షన్ 67లో ఒకే ఫైలు పేరు ఉంటే అన్ని యంత్రాలకూ అదే వెళుతుంది. ప్రతి యంత్రం తన రకాన్ని ఆప్షన్ 93లో తెలుపుతుంది: పాత బయోస్ అయితే 0, 64 బిట్ల యూఈఎఫ్ఐ అయితే సాధారణంగా 7. దాన్ని బట్టి ఫైలు పేరు మారేలా నియమం రాయండి.

సరైన ఫైలు ఇచ్చినా వెనక్కే వస్తే సెక్యూర్ బూట్ అడ్డుకుంటూ ఉండవచ్చు. డిజిటల్ సంతకం లేని బూట్ ఫైలును అది నడవనివ్వదు. ఇమేజ్ వేసేంతవరకు ఆపి, పని కాగానే మళ్లీ ఆన్ చేయండి. ‘ఎలాగూ నడుస్తోంది కదా’ అని అలాగే వదిలేయడం సిబ్బంది డేటా పట్ల బాధ్యతారాహిత్యం. ఇంకో జాగ్రత్త: బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సౌకర్యం) ఉన్న ల్యాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ మారిస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అందులో దాచుకోవలసిన డేటా ఉంటే కీ చేతిలో లేకుండా ఆ సెట్టింగ్ ముట్టుకోకండి.

పై అంతస్తులో చిరునామాయే అందడం లేదు. అక్కడ మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకోగలిగేది) ఉంటే నాకు మొదట స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూప్ ఏర్పడకుండా స్విచ్ చేసే తనిఖీ) మీదే అనుమానం. కేబుల్ పెట్టాక ఆ పోర్టు డేటాను పంపడానికి 30 సెకన్లు పట్టవచ్చు. ఆలోగా ల్యాప్‌టాప్ అడిగి అడిగి విరమించుకుంటుంది. తేల్చుకోవడం సులువు. గోడ సాకెట్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య మామూలు చిన్న స్విచ్ ఒకటి పెట్టండి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయినా గోడవైపు లింకు తెగదు కాబట్టి పోర్టు సిద్ధంగానే ఉంటుంది. అప్పుడు బూట్ అయితే దోషి దొరికినట్టే, ఆ పోర్టుల్లో పోర్ట్‌ఫాస్ట్ (ఆ నిరీక్షణను తప్పించే సెట్టింగ్) ఆన్ చేయించండి. అప్పటికీ కాకపోతే ఆ అంతస్తు వేరే వీల్యాన్‌లో (విడిగా విభజించిన నెట్‌వర్క్‌లో) ఉందేమో, డీహెచ్‌సీపీ రిలే (అభ్యర్థనను ఆ విభాగం దాటించి సర్వర్‌కు చేర్చేది) పెట్టారో లేదో చూడండి.

ఇవి దాటాక ఫాగ్ ‘హార్డ్ డిస్క్ కనబడలేదు’ అనవచ్చు. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ రెయిడ్ లేదా వీఎండీ పద్ధతిలో (డిస్క్‌ను ఇంటెల్ కంట్రోలర్ ద్వారా నడిపే అమరికలు) ఉంటే ఇలా జరగవచ్చు. బయోస్ సెట్టింగ్‌ల మెనూలో (యూఈఎఫ్ఐ యంత్రాల్లోనూ దీన్ని అలాగే పిలుస్తారు) ఏహెచ్‌సీఐకి, అంటే మామూలు డిస్క్ పద్ధతికి మార్చండి.

ఒకే అడాప్టర్‌ను ఇరవై ల్యాప్‌టాప్‌లకూ తిప్పబోతున్నారా? ఫాగ్ యంత్రాన్ని మ్యాక్ చిరునామాతో (నెట్‌వర్క్ పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్య) గుర్తుపడుతుంది, ఆ చిరునామా అడాప్టర్‌ది. రెండో ల్యాప్‌టాప్ పెట్టగానే దాన్ని మొదటిదే అనుకుని ఆ పేరే ఇచ్చేస్తుంది. బయోస్‌లో మ్యాక్ పాస్-త్రూ (అడాప్టర్‌ది కాకుండా ల్యాప్‌టాప్ సొంత మ్యాక్‌ను చూపే సెట్టింగ్) ఉంటే ఆన్ చేయండి, కానీ అన్ని అడాప్టర్లూ దాన్ని పాటించవు. లేదంటే యంత్రాలను నమోదు చేయకుండా బూట్ మెనూలోని ‘డిప్లాయ్ ఇమేజ్’తో వేసి, పేర్లు తర్వాత పెట్టుకోండి.

ప్రశ్న: అడాప్టర్ కొనకుండా వైఫై మీదుగా ఇమేజ్ వేయలేమా?

జవాబు: మామూలు పీఎక్స్ఈ పద్ధతికి కేబుల్ కావాలి. ఉన్నవి రెండు మూడు ల్యాప్‌టాప్‌లే అయితే పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి, సర్వర్ అవసరమే లేదు.