మకెపుంగ్ మీద రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

బాలి పడమటి కొసన, జెంబ్రానాలో జరిగే మకెపుంగ్ దున్నపోతుల పందెం మీద నువ్వు రాసిన చిత్తుప్రతి చదివాను. అందులో "గీత ముందు దాటిన జత గెలిచింది" అన్న వాక్యం ముందు కొట్టెయ్. ఆ ఒక్క మాటతో పందెమంతా తారుమారైంది.

పొలాల మధ్య మట్టిబాట ఇరుకు, రెండు బండ్లు పక్కపక్కన పట్టవు. అందుకని ఒకదాని వెనక ఒకటి, సుమారు 10 మీటర్ల ఎడంతో నిలబెట్టి వదులుతారు. చివర్లో చూసేది ఆ ఎడాన్నే. ముందు జత గీత దాటేసరికి వెనకది 12 మీటర్ల దూరాన ఉంటే ముందుదే గెలుపు. 8 మీటర్లకు వచ్చేసిందంటే, ముందుదాన్ని దాటకపోయినా సరే, వెనకదే గెలుపు. ఈ లెక్క పందెం మొదలవకముందే పాఠకుడికి చెప్పెయ్. చివరిదాకా దాచిపెడితే మలుపుల దగ్గర పడాల్సిన ఆరాటం అతనికి అందదు. ఒంగోలు గిత్తల బండలాగుడు ఎరిగినవాళ్లు మన పాఠకులు. అక్కడ లాగిన దూరం కొలుస్తారు, ఇక్కడ ఎడం కొలుస్తారు అంటే చటుక్కున పట్టుకుంటారు.

"నల్లటి దున్నలు" అని అలవాటుగా రాసేశావు. అక్కడి పందెంలో లేత గులాబి చర్మం ఉన్నవీ పరుగెడతాయి. కొమ్ముల తొడుగులు, మెడలో చెక్కగంట బాగానే పట్టుకున్నావు గానీ జెండా రంగు వదిలేశావు. ఈజో గాడింగ్ ఏటికి తూర్పు జట్టుది ఎరుపు, పడమటి జట్టుది ఆకుపచ్చ. రంగు తప్పితే ఊళ్లే మారిపోతాయి.

పుట్టుకకు రెండు వాక్యాలు చాలు. 1930ల ప్రాంతంలో దమ్ము చేస్తూ, వరి ఇంటికి తోలుతూ రైతులు ఒకరినొకరు తరుముకున్న సరదా పందెమైంది. బురదమడిలో చదునుపలకకు కట్టి తోలేది మకెపుంగ్ లంపిత్. బాట మీది బండి పందెం వేరు. నువ్వు రెంటినీ కలిపేశావు. ఒకే పేరాలో దుమ్మూ బురదా లేస్తే తెలిసినవాడు అక్కడే చదవడం ఆపేస్తాడు.

పొద్దున్నే ఎందుకు పెడతారో కూడా ఒక ముక్క రాయి. దున్నకు చెమట గ్రంథులు తక్కువ, ఎండెక్కితే ఒళ్లు చల్లబడదు.

ఇక నువ్వు దాటేసినది ములుకోల. తోలేవాడి చేతిలో మేకులు దిగ్గొట్టిన కర్ర ఉంటుంది, పరుగు ముగిసేసరికి పిరుదుల మీద నెత్తురు చారలు కడుతుంది. కొమ్ముల సింగారం చూసిన కన్నే దీన్నీ చూడాలి. "క్రూరం" అని తీర్పు చెప్పకు, "సంప్రదాయం" అని కప్పిపుచ్చకు. కర్ర ఎక్కడ పడింది, ఆ దెబ్బకు ఎడం ఎంత తగ్గింది, అంతే రాయి. గెలిచిన జతకు సంతలో ధర పెరుగుతుందన్నదీ దాని పక్కనే ఉండాలి. ఆ దెబ్బ వెనక ఆ ధర కూడా ఉంది.

సవరించాక పందెం పేరా ఒక్కటి ముందు పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఇట్లు,
నీ అన్నయ్య