జీడిపిక్కల మిషనుకు పేటెంటు

ప్రశ్న: పప్పు విరగకుండా జీడిపిక్కలు కోసే చేతి మిషను తయారుచేశాను. వచ్చే సంతలో చూపించాలనుంది. పేటెంటుకు కోల్‌కతా వెళ్లాలా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: సంతలో ఇప్పుడే పెట్టకండి. దరఖాస్తుకు ముందే నలుగురికీ చూపిస్తే ‘కొత్తది’ అన్న అర్హత పోతుంది. చేతిలో పనితనం ఉన్నవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

ఒడిశా దరఖాస్తులు కోల్‌కతా పేటెంట్ ఆఫీసు పరిధిలోవే, అయినా ప్రయాణం అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో వేయవచ్చు. వ్యక్తులకు 30 పేజీలు, 10 క్లెయిముల (హక్కు కోరే అంశాల) వరకు ఫీజు 1,600 రూపాయలు. మిషనును ఇంకా సరిచేస్తుంటే ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (మిషను గురించిన తాత్కాలిక వివరణ) వేసి దరఖాస్తు తేదీ దక్కించుకోండి. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే. బ్లేడు కోణం, స్ప్రింగు, పిక్క కూర్చునే గాడి అన్నీ మొదటే బొమ్మలతో రాయండి. తర్వాత చేర్చినవాటికి పాత తేదీ వర్తించదు.

పేటెంట్ ఆఫీసు చేసే పరీక్ష దానంతటది మొదలవదు. మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోపు పరీక్ష కోరే ఫారం 18, 4,000 రూపాయల ఫీజుతో వేయాలి. అభ్యంతరాల నివేదిక వస్తే జవాబుకు 6 నెలలు గడువు.

మిషను పేరుకు రక్షణ కావాలంటే ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వేరే: ఒక తరగతికి (సరుకుల వర్గానికి) 4,500 రూపాయలు.